ముందుకు రండి

సభ్యుల వసతి గృహం, రెండో అంతస్తు
వేసవి మొదట్లో

చెల్లీ,

నీ ఉత్తరం చేరింది. ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరాలేమిటండీ అని మా సహాయకుడు నవ్వాడు. ఫోనులో నా పక్కన ఎప్పుడూ నలుగురుంటారనీ, వాళ్లు వింటున్నారని తెలిస్తే నువ్వు "బాగున్నాం, బాగున్నాం" తప్ప ఇంకో ముక్క మాట్లాడవనీ అతనికేం తెలుసు?

అత్యాచారాల చట్టాన్ని మార్చే బిల్లు వచ్చిందని చెప్పానుగా, దాన్ని పరిశీలించే కమిటీలో నన్ను వేశారు. అన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, ఇప్పుడు నెరిసిన తలలకు కూడికలు నేర్పాల్సి వస్తోంది. ఫిర్యాదు చేసినవాళ్లు వందమంది అయితే శిక్షపడ్డ కేసులు పదో పరకో. ఒక పెద్దమనిషి "అంటే మిగతావన్నీ అబద్ధపు కేసులేగా" అన్నాడు. "వానలో తడిసిన వందమందిలో పదిమందికే జలుబు చేస్తే, మిగతావాళ్లు తడవనట్టా అండీ?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వినంత తేలిగ్గా చేతులెత్తితే ఎంత బాగుండు.

బిల్లులో తొమ్మిదో క్లాజు నేను పట్టుబట్టి రాయించింది. కోర్టులో ఆడపిల్ల నడవడి గురించి, పాత పరిచయాల గురించి, ఆ మనిషితో ఎంత చనువుగా ఉండేదన్న దాని గురించి ప్రశ్నలు వేయకూడదు. అంతే. చూడ్డానికి రెండు వాక్యాలు. దాని కోసం ఎంతమంది గడ్డాలు పట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

గువ్వ ఏం చేస్తోంది? నా కళ్లజోడు కాడ వదులైపోయి కాగితం మీదికి వంగితే ముక్కు చివరికి జారుతోంది. "పెద్దమ్మా, ఇటొచ్చినప్పుడు దుకాణానికి రా, బిగించి పంపిస్తా" అని రాసే పిల్ల ఈమధ్య ఉలుకూ లేదు పలుకూ లేదు. అలిగిందా? మరిదిగారు బస్సు నడుపుతూ ఇంకా ఈలలు వేస్తున్నారా?

మీ అక్క

*

ఇల్లు
వేసవి

అక్కా,

అందరం బాగున్నాం. బడులు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి కదా, యూనిఫారాల పని తలమీదికొచ్చింది. ఇల్లంతా నీలం గుడ్డే. అన్నం తింటుంటే దారప్పోగులు పంటికి తగులుతున్నాయి.

గువ్వ కాస్త నలతగా ఉంది. కళ్లజోళ్ల దుకాణంలో పని మానేసింది. పొద్దస్తమానం నిలబడితే కాళ్లు లాగుతున్నాయంది. ఇప్పుడు నా పనిగదిలోనే, మిషను పక్కన పరుపు వేసుకుని పడుకుంటోంది. మిషను చప్పుడు వింటుంటే నిద్ర పడుతుందట. చిన్నప్పుడూ అంతే కదా.

నీ కళ్లజోడు అక్కడే ఎక్కడైనా బిగించుకో అక్కా. దాని కోసం ఇంత దూరం ఎందుకు?

ఆరోగ్యం చూసుకో.

చెల్లి

*

సభ్యుల వసతి గృహం
వేసవి చివర

చెల్లీ,

నిన్న నా ప్రసంగం రేడియోలో విన్నావా? మొత్తం సభ ప్రసారం చేశారట. ముందురోజంతా అద్దం ముందు సాధన చేశాను, నువ్వు చూసి ఉంటే పడీపడీ నవ్వేదానివి. చివరికొచ్చేసరికి కాగితం పక్కన పెట్టేశాను. "మౌనంగా ఉన్న తల్లులారా, మీరు కాపాడుతున్నది మీ పిల్లల్ని కాదు. వాళ్ల మీద చెయ్యి వేసినవాణ్ణి. చట్టాన్ని మేం మారుస్తాం, మీరు ముందుకు రండి!" అన్నాను. అటువైపు వాళ్లు కూడా బల్లలు చరిచారు చెల్లీ! పేపర్లన్నీ "ముందుకు రండి" అనే శీర్షిక పెట్టాయి.

గువ్వకు ఏమైనా చూపించారా? కాళ్లు లాగుతున్నాయని పని మానేసే పిల్ల కాదది. ఆ దుకాణాయన మరిదిగారికి అంత స్నేహితుడు కదా, ఓ కుర్చీ వేసి కూర్చోబెట్టలేడా?

అక్క

*

ఇల్లు
వానలు ఇంకా పడలేదు

అక్కా,

విన్నాం.

నేను కాలర్లు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు కట్టుకుంటున్నారు. గువ్వ గుండీలు కుడుతోంది. "మౌనంగా ఉన్న తల్లులారా" అన్నావు. ఇస్త్రీపెట్టె కింద కాలరు మాడిన వాసన వచ్చేదాకా నాకు ఒళ్లు తెలియలేదు.

ఆ తల్లిని నేనే అక్కా.

ఆ దుకాణాయన, మీ మరిదీ పెళ్లికి ముందు ఒకే గదిలో ఉన్నవాళ్లు. గువ్వకు మాటలొచ్చినప్పటి నుంచీ అతన్ని బాబాయ్ అనే పిలిచింది. అద్దాలు సానపట్టడం అతనే నేర్పాడు. దుకాణం వెనక కళ్లు పరీక్షచేసే చీకటి గది ఉంటుంది, నువ్వూ చూశావు, గోడ మీద అక్షరాల అట్ట వేలాడుతూ. చలికాలంలో ఒక మధ్యాహ్నం, బేరాలు లేనివేళ. ఆ గదిలో జరిగింది నేను రాయను. చెబితే అది చెప్పాలి, నేను కాదు.

ఇంటికొచ్చి స్నానం చేసింది. మర్నాడూ పనికి వెళ్తానంది, గడప దాటలేకపోయింది. ఆ తర్వాత నాతో చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "నాన్నకు చెప్పకే, గుండె ఆగిపోతుంది" అన్నాను. అంతే అన్నాను. అప్పటి నుంచీ మేమిద్దరం ఈ ఇంట్లో అంతా మామూలే అన్నట్టు తిరుగుతున్నాం.

నీ మాట విని గువ్వ సూది పక్కన పెట్టింది. "అమ్మా, పెద్దమ్మ చెబుతోంది, విన్నావా?" అంది. "ఏమిటే?" అని అడిగారు ఆయన. నిలబడి, వాళ్ల నాన్న మొహంలోకి చూస్తూ చెప్పేసింది. ఆయన కట్టుకున్న బూటు లేసులు ఒక్కొక్కటీ విప్పి, బూట్లు గోడవారగా పెట్టి, అలాగే కూర్చుండిపోయారు.

పోలీసుల దగ్గరికి వెళ్తానంటోంది. నిజం చెప్పక్కా. సభలో చెప్పినట్టు కాదు, మా అక్కగా చెప్పు. వెళ్లమంటావా?

చెల్లి

*

సభ్యుల వసతి గృహం

చెల్లీ,

మూడు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను. ఆ రోజు ఆ మాట నా నోట వచ్చినప్పుడు బల్లలు చరుస్తుంటే నేను నవ్వాను కూడా. నా చిట్టితల్లిని నా గుండెల్లో పెట్టుకోవాలని ఉంది, రైలెక్కి వచ్చేయాలని ఉంది. వస్తే నా వెనకాలే విలేకరులు వస్తారు. అందుకే ఆగాను.

అడిగావు కనుక చెబుతున్నాను. ఇప్పుడే వెళ్లొద్దు. పాత చట్టం కింద అది నిండు కోర్టులో నిలబడాలి. ఎవడు పడితే వాడు వచ్చి కూర్చుని వింటాడు. కమిటీకి వచ్చిన కాగితాల కట్టల్లో ఎన్ని వాంగ్మూలాలు చదివానో నీకు తెలియదు. వచ్చే సమావేశాల్లో బిల్లు గట్టెక్కుతుంది. ఆ తర్వాత పెట్టిన కేసులకు తలుపులు మూసిన గది, తొమ్మిదో క్లాజు, అన్నీ ఉంటాయి. కొన్ని నెలలు ఓర్చుకోండి. ఈలోగా అంతా రాసి పెట్టమను.

ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.

అక్క

*

ఇల్లు
వానలు

అక్కా,

మనిద్దరి మధ్యే ఉండనివ్వలేదు నేను. దాని దగ్గర మళ్లీ ఏదీ దాచలేక ఉత్తరం చదివి వినిపించాను.

అంతా విని, "రేడియోలో పెద్దమ్మ మాట విని ఎంతమంది వెళ్లి ఉంటారమ్మా? వాళ్లకు కూడా ఆగమని చెప్పిందా?" అంది. కోపంగా అనలేదు అక్కా. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

రెండు వారాల కిందట వాళ్ల నాన్నా అదీ గొడుగు వేసుకుని స్టేషనుకు వెళ్లారు. నేను వెంట వస్తానంటే వద్దంది. తిరిగొచ్చాక ఆయన చెప్పారు, రాసుకునే ఆయన మర్యాదగానే మాట్లాడాడట. కానీ "ఇన్నాళ్లెందుకు ఆగావమ్మా?" అని నాలుగుసార్లు అడిగాడట.

అతన్ని తీసుకెళ్లారు. వారం తిరక్కుండా బెయిలు మీద వచ్చి దుకాణం తెరిచాడు. మీ మరిది బస్సు ఆగాల్సింది ఆ దుకాణం ముందే. అది స్టాపు. ఆపక తప్పదు.

చెల్లి

*

సభ్యుల వసతి గృహం
చలికాలం

చెల్లీ,

నీకు పేపర్లో తెలిసేలోగా నేనే చెప్పాలి. బిల్లు రేపు ఓటుకు వస్తోంది. తొమ్మిదో క్లాజు లేకుండా.

మాకు చాలిన బలం లేదు. అటువైపు పెద్దలు కబురు చేశారు, ఆ ఒక్కటీ తీసేస్తే మిగతా అంతటికీ చేతులెత్తుతామని. తీయకపోతే బిల్లే చచ్చిపోతుంది, మళ్లీ ఎన్నికల తర్వాతే. మూసిన తలుపులు, ఆడ న్యాయమూర్తి, ఏడాదిలో తీర్పు, ఇవన్నీ మిగులుతాయన్నారు. "చెట్టంతా మిగులుతుంటే కొమ్మ కోసం ఏడుస్తావేమిటమ్మా?" అన్నారు మా నాయకుడు. ఆ కొమ్మ మీదే మన గువ్వ ఉందని ఆయనకు తెలియదు. తెలిసినా చట్టం వెనక్కి వర్తించదు, దాని కేసుకు ఎలాగూ పనికిరాదు అంటారు. నిజమే కూడా. ఆ నిజాన్ని పట్టుకునే నేను ఒప్పుకున్నాను.

దాని వాంగ్మూలం ఎప్పుడు?

అక్క

*

ఇల్లు

అక్కా,

అయింది.

కోర్టు గది ఇరుకు. బెంచీల మీద అతని తరఫు వాళ్లు, బజారులోని దుకాణదారులు, నా దగ్గర యూనిఫారాలు కుట్టించుకునే ఇద్దరు తల్లులు కూడా. పనేమీ లేక వచ్చి కూర్చున్నవాళ్లు మరికొందరు. నన్నూ ఆయన్నీ సాక్షులమని బయట కూర్చోబెట్టారు. తలుపు తీసే ఉంది. అంతా వినిపించింది.

అతని లాయరు అరవలేదు. మన నాన్నలాగా నెమ్మదిగా, "అమ్మా, అమ్మా" అంటూ మాట్లాడాడు.

"ఆయన్ని ఏమని పిలిచేదానివమ్మా?"

"బాబాయ్ అని."

"పుట్టినరోజుకు ఆయనిచ్చిన గౌను వేసుకున్నావా?"

"చిన్నప్పుడండీ."

"వేసుకున్నావా లేదా?"

"వేసుకున్నాను."

"దుకాణంలో నవ్వుతూ మాట్లాడేదానివా?"

"అందరితోనూ నవ్వుతూనే మాట్లాడేదాన్నండీ."

"అందరితోనూ" అని అతను గుమాస్తా వైపు తిరిగి, ఆ మాట సరిగ్గా రాసుకోమన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. న్యాయమూర్తి నిశ్శబ్దం అన్నారు, అంతే.

తర్వాత కాలేజీలో దానికి తెలిసిన ఒక అబ్బాయి సంగతి తీశాడు. దానితో దీనికేమిటి సంబంధం? గువ్వ అదే అడిగింది. "ప్రశ్నలు వేసేది నేనమ్మా" అన్నాడు, ముద్దు చేస్తున్నట్టు.

రోజంతా అయింది. ఇంటికొస్తూ దారిలో ఒక్క మాటే అంది. "ఇక ఎవర్నీ వరస కలిపి పిలవనమ్మా." పొరుగింటి పెద్దాయన గుమ్మంలో నిలబడి "ఏమ్మా గువ్వా" అంటే, ఎప్పుడూ తాతయ్యా అనేది, "నమస్కారమండీ" అని లోపలికి వెళ్లిపోయింది.

మీ బిల్లు గెలిచిందని ఆ రాత్రే రేడియోలో చెప్పారు.

చెల్లి

*

ఇల్లు
మళ్లీ వేసవి

అక్కా,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. తీర్పు వచ్చింది. సంశయలాభం కింద వదిలేశారు. ఫిర్యాదు ఆలస్యం, చాలా కాలం చనువు, సాక్షులు లేరు. జరగలేదని న్యాయమూర్తి అనలేదట, రుజువు కాలేదన్నారట. ఆ తేడా లాయర్లకు తెలుస్తుంది. బజారుకు తెలియదు. బజారులో స్వీట్లు పంచారు.

గువ్వ ఏడవలేదు. నాకదే భయంగా ఉంది.

తీర్పయిన కొద్దిరోజులకు అతను మీ మరిది బస్సే ఎక్కాడు. డ్రైవరు సీటు పక్కకొచ్చి నిలబడి, "ఏరా, ఇంకా కోపమేనా? చిన్నపిల్ల, ఏదో అంది. నేనేం మనసులో పెట్టుకోలేదులే" అన్నాడట, నిండు బస్సులో. ఆయన ఇంజను ఆపేశారు. తలుపు తీసుకుని దిగి, నడిరోడ్డు మీద బస్సునీ జనాన్నీ వదిలేసి, ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. ఏమయిందండీ అంటే, "ఇంకొక్క క్షణం ఉంటే బ్రేకు మీద కాలు ఉండేది కాదే" అన్నారు. డిపోలో బస్సులు కడిగే పనికి మార్చారు. ఈలలు ఎప్పుడో మానేశారు, నీకు చెప్పలేదు.

చెల్లి

*

సభ్యుల వసతి గృహం

చెల్లీ,

ఏం రాయను? నా మాటల మీద నాకే నమ్మకం పోయింది.

చేయగలిగింది ఒకటుంది. కొత్త చట్టానికి సవరణ కింద తొమ్మిదో క్లాజును మళ్లీ నేనొక్కదాన్నే ప్రవేశపెడతాను. నెగ్గదు, తెలుసు. అయినా కోర్టులో ఏం జరుగుతుందో ఆ సభ ఒక్కసారి వినాలి. గువ్వ ఒప్పుకుంటే, పేరూ ఊరూ లేకుండా దాని సంగతి చెబుతాను. వద్దంటే ఆ ఊసే ఎత్తను. దాన్ని అడుగు. నా తరఫున బతిమాలొద్దు.

అక్క

*

ఇల్లు

అక్కా,

అడిగాను. రెండు రోజులు ఆలోచించింది. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"చెప్పమను. కానీ నన్ను ధైర్యవంతురాలు అనొద్దను. చివర్లో ఆశగా ఏదీ కలపొద్దను. ఆ అమ్మాయి ఓడిపోయింది అని చెప్పి కూర్చోమను."

చెల్లి

*

సభ్యుల వసతి గృహం
వానలు

చెల్లీ,

అలాగే చెప్పాను.

భోజనాల వేళకు నా వంతు వచ్చింది. సభలో సగం కుర్చీలు ఖాళీ. కాగితం లేదు, అద్దం ముందు సాధనా లేదు. లాయరు అడిగినవి అడిగినట్టు, మన పిల్ల చెప్పినవి చెప్పినట్టు చెప్పాను. "అందరితోనూ" అన్న మాటను రెండుసార్లు చెప్పాను. "ఆ అమ్మాయి ఓడిపోయింది" అని కూర్చున్నాను. ఎవరూ బల్లలు చరచలేదు. సవరణ వీగిపోయింది. మా వాళ్లే కొందరు ఓటు వేయకుండా బయటికి వెళ్లి కూర్చున్నారు.

మర్నాడు మెట్ల దగ్గర అటువైపు సభ్యుడొకాయన ఆపాడు. క్లాజు తీయించినవాళ్లలో ఆయనొకడు. మొహం చూస్తే రాత్రంతా నిద్ర లేనివాడిలా ఉన్నాడు. "ఆ అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోందండీ?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. పెద్దమ్మనై ఉండి తెలియదన్నాను.

ఏం చేస్తోందే?

అక్క

*

ఇల్లు
ఇంకా ముసురుగానే ఉంది

అక్కా,

ఏం చేస్తోందని అడిగావు కదా, చెబుతాను.

పోయిన వారం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. యూనిఫారం కోసమేమో అనుకుని టేపు తీశాను. ఆ పిల్ల గువ్వ తర్వాత ఆ దుకాణంలో పనికి చేరిన పిల్ల. ఇంక నేను చెప్పక్కర్లేదు. తల్లి గుమ్మంలోనే నిలబడి "మీ అమ్మాయిని ఒక్కమాట అడగాలమ్మా" అంది. నీ ప్రసంగం వాళ్లు విన్నారో లేదో నాకు తెలియదు, అడగలేదు.

గువ్వ లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పుడు ఏడ్చింది అక్కా. ఇన్ని నెలలకు. "నేను గెలిచుంటే ఈ పిల్ల ఇక్కడికి రాదు కదమ్మా" అని ఒకటే ఏడుపు. నేను తలుపు తోసుకుని వెళ్లి పట్టుకుని కూర్చున్నాను. బయట వాళ్లిద్దరూ వానలో తడిసిన చెప్పులు విడవకుండా అలాగే నిలబడ్డారు.

చాలాసేపటికి మొహం కడుక్కుని బయటికొచ్చింది. "కేసు పెట్టమంటావా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల. మన గువ్వ ముందుకు రమ్మనలేదు, ఆగమనలేదు. "నేను ఓడిపోయాను. నీకూ అదే జరగొచ్చు. వాళ్లేం అడుగుతారో అంతా ముందే చెబుతాను. విన్నాక కూడా వెళ్లాలనిపిస్తే నేను తోడు వస్తాను" అంది.

వెళ్లాలనే అంటోంది ఆ పిల్ల. కొత్త చట్టం కదా, తలుపులు మూస్తారు, ఆ మేరకు నీ పుణ్యమే. కానీ ప్రశ్నలు అవే. అందుకని రోజూ సాయంత్రం వస్తోంది. ఇద్దరూ పక్కగదిలో నా కత్తిరింపు బల్లకు చెరోవైపు కూర్చుంటారు. తలుపు తెరిచే ఉంచుతారు.

ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు. ఇది రాస్తుంటే వినిపిస్తోంది. అచ్చం ఆ లాయరు గొంతు పెట్టి, నెమ్మదిగా, "అమ్మా" అని మొదలుపెడుతుంది గువ్వ. "ఆయన్ని ఏమని పిలిచేదానివమ్మా? దుకాణంలో నవ్వుతూ మాట్లాడేదానివా?" నా పిల్ల నోట ఆ మాటలు వింటుంటే మిషను తొక్కలేకపోతున్నాను. ఆ పిల్ల జవాబు చెప్పలేక ఏడుస్తోంది. గువ్వ లేచి నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది. మళ్లీ అడుగుతోంది.

చెల్లి